నేను చేరవేయని మాట

మా ట్రక్కు ధవళేశ్వరం దాటి, లంకవాళ్ళు తలదాచుకున్న ఏటిగట్టు మీది స్కూలు ముందు ఆగేసరికి ఉదయం ఆరున్నర. వాన. గోదావరికి మూడో ప్రమాద హెచ్చరిక వచ్చి అప్పటికి ఒక రోజైంది. మేం ఇరవై ఇద్దరం. మూడు రబ్బరు బోట్లు, మూడు మోటార్లు, రెండు రేడియోలు. నా వంతు సామాను రెండు గ్యాస్ పొయ్యిలు, నాలుగు గుండిగలు. పటాలంలో నేను వంటవాడిని.

ఈ సంగతి మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. మాది కోరుకొండ దగ్గర. సెలవుకొచ్చినప్పుడల్లా "ఎంతమందిని కాల్చావేంట్రా?" అని అడిగేవారు. నవ్వి ఊరుకునేవాణ్ణి. తుపాకీ కంటే గరిటె ఎక్కువ పట్టానని చెప్పడానికి సిగ్గు. పటాలంలో మాత్రం నాకేం విలువని? ఉప్పు తక్కువైతే తప్ప నా పేరు ఎవరికీ గుర్తుకు రాదు.

రెండో రోజు ఉదయం పదింటికి సుబేదార్ పిలిచాడు. "నువ్వు తెలుగువాడివి కదా. బోటెక్కు. ఇక్కడివాళ్ళు చెప్పేది మాకు హిందీలో చెప్పు."

పదకొండేళ్ళ సర్వీసులో వంట కాకుండా ఇంకో పనికి నన్ను పిలవడం అదే మొదలు. లైఫ్ జాకెట్ తగిలించుకుని పరుగెత్తాను. ఎదురుగా ఉన్న లంకలో ఒక డాబా మీద తొమ్మిది మంది చిక్కుకున్నారు. వాళ్ళను తేవాలి. బోటులో సుబేదార్, డ్రైవరు, రేడియో మనిషి, నేను.

గట్టు కింద తాటి దోనెలో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. లుంగీ, తడిసిన బనీను, చేతిలో వెదురు గడ. పేరు ఏసుపాదం. ఆ లంక పొలాల్లోనే కూలి పని.

"బాబూ, తిన్నగా వెళ్ళకండి. అక్కడ అరటితోటుందండి. గెలల బరువుకి ఒరిగిపోకుండా చెట్టుకీ చెట్టుకీ నైలాన్ తాళ్ళు కట్టామండి. చెట్లు మునిగినా తాళ్ళుంటాయి కదండీ, మీ మోటారు ఫ్యానుకి చుట్టుకుంటాయి. కొబ్బరిచెట్ల వారగా రండి. నేను ముందెళ్తాను."

"ఏమంటున్నాడు?" అన్నాడు సుబేదార్.

"ఏం లేదు సాబ్. జాగ్రత్తగా వెళ్ళమంటున్నాడు."

ఎందుకలా అన్నానంటే, మోటారు బోటుకు దోనెవాడు దారి చూపడమేంటి అనిపించింది. దొరక్క దొరికిన పెద్దరికం. లుంగీ మనిషితో పంచుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. పదకొండేళ్ళు నన్ను అందరూ ఎలా చూశారని ఏడ్చానో, ఆయన్ను నేనూ అలాగే చూశాను.

తిన్నగానే వెళ్ళాం. పది నలభైకి మోటారు ఆగిపోయింది. ఫ్యానుకు తాళ్ళు చుట్టుకున్నాయి. బోటు కట్టేసినట్టు నిలిచిపోయింది. ప్రవాహం పక్క నుంచి తోస్తోంది. అంచు మీదుగా నీళ్ళు లోపలికి వస్తున్నాయి. తాళ్ళు కోస్తే నడి ఏట్లోకి కొట్టుకుపోతాం. కోయకపోతే మునుగుతాం.

గట్టు మీది నుంచి రేడియో పలికింది. "బోటు రెండు, ఎక్కడున్నారు? ఓవర్."

"మధ్యలో ఆగిపోయాం. ఓవర్."

అప్పుడు వెనక నుంచి తాటి దోనె వచ్చింది. ఏసుపాదం ముందు మా బోటు తాడును కొబ్బరిచెట్టుకు కట్టాడు. తర్వాత నీళ్ళలోకి దిగి, కత్తితో నైలాన్ తాళ్ళు ఒక్కొక్కటే కోశాడు. ఇరవై నిమిషాలు పట్టింది.

సుబేదార్ డ్రైవరు మీద విరుచుకుపడ్డాడు. "కళ్ళు ఎక్కడ పెట్టుకుని నడుపుతున్నావ్? నీ మీద రిపోర్టు రాస్తాను." డ్రైవరు తల దించుకున్నాడు. నేను నోరు విప్పకపోతే తప్పు అతనిదే అయిపోయేది. నాకు భయమేసింది. అయినా చెప్పాను.

"తాళ్ళున్నాయని ఈయన ముందే చెప్పాడు సాబ్. నేనే మీకు చెప్పలేదు."

సుబేదార్ నా వైపు తిరిగాడు. "నీ సంగతి వెనక్కి వెళ్ళాక చూస్తాను. ఆయన్ను ముందు కూర్చోబెట్టు. ఇకనుంచి ఒక్క మాట మింగావంటే ఊరుకోను."

తొమ్మిది మందినీ పన్నెండున్నరకు గట్టు చేర్చాం. ఏసుపాదం చెప్పిన ప్రతి మాటా సుబేదార్‌కి చెప్పాను, ఆయన దగ్గు తప్ప.

స్కూలు వరండాలో ఆయనకు నేనే వడ్డించాను. "తప్పయిపోయింది ఏసుపాదం గారూ."

"నా మాట ఎవరు వింటారులెండి. అలవాటే," అన్నాడు అన్నం కలుపుకుంటూ. "మీరు పటాలంలో ఏం చేస్తారండి?"

"వంటండి."

"అంత మెల్లగా చెప్తారేంటండీ? నిన్నట్నుంచి మా లంకంతా మీ చేతి కూడే తింటంది. మా ఆవిడ సాంబారు రెండోసారి అడిగి పోయించుకుందండి. దానికి లోకంలో ఎవరి వంటా నచ్చదు."

నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. గరిటె తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

ఆరో రోజు వరద తీసింది. పటాలానికి తిరిగి వెళ్ళాక ఏడు రోజులు, పొద్దున్నే ఇరవై కిలోల సంచి వీపున వేసి పరుగెత్తించారు. న్యాయమే. ఇప్పుడు రిటైరై ఇంటి పట్టునే ఉన్నాను. పటాలంలో ఏం చేశావని అడిగితే వంట చేశానని గట్టిగానే చెబుతాను. చాలా విషయాలు మరిచిపోయాను. మోకాళ్ళ నొప్పి, ఓపిక తగ్గింది.

ఒక్కటి మాత్రం కళ్ళ ముందు నుంచి పోదు. గట్టు కింద, నేను "ఏం లేదు సాబ్" అన్న క్షణం. ఆయనకు హిందీ రాదు. తను అంతసేపు చెప్పింది నా నోట అంత చిన్నదైపోవడం మాత్రం చూశాడు. నా వైపు, సుబేదార్ వైపు చూశాడు. మా మోటారు మొదలవగానే గడ నీళ్ళలో దించి, దోనెను మా బోటు వెంట తిప్పాడు.