పదిహేడో సొరుగు

బెంగళూరు చరిత్ర రాసినవారంతా కెంపేగౌడ కోట దగ్గర మొదలుపెట్టి మెట్రో రైలు దగ్గర ఊపిరి పీల్చుకున్నారు. చిక్కపేట పట్టుచీరల వ్యాపారి శ్రీనివాసప్ప ప్రతి పుస్తకాన్నీ చివరి పేజీతో మొదలుపెట్టే ఆచారాన్ని నెలకొల్పిన ఘట్టాన్ని మాత్రం ఒక్కరూ పట్టించుకోలేదు. ఆ లోపాన్ని ఇక్కడ సవరిస్తున్నాం.

ఆ ఆచారం వెనక ఒక సిద్ధాంతం ఉంది. చీర సొగసంతా కొంగులో ఉంటుంది. కొంగు చీర చివర ఉంటుంది. కనుక అంగడికి వచ్చిన ఏ ఆడమనిషైనా ముందు కొంగే విప్పి చూపమంటుంది. పుస్తకానికి వేరే న్యాయం దేనికి? హంతకుడెవరో తెలిశాక డిటెక్టివ్ నవల చదివితే మనసు కుదురుగా ఉంటుందనీ, పెళ్ళవుతుందని తెలిశాక ప్రేమకథలో ఏడుపులు వినోదంగా ఉంటాయనీ ఆయన అనుభవం. వారపత్రికల సీరియళ్ళను ముగింపు వచ్చేదాకా కట్టగట్టి అటక మీద ఉంచి, అప్పుడు దించి చదివిన దీక్ష ఆయనది. ఏమవుతుందో తెలియకపోవడం వ్యాపారంలో ఎలాగూ తప్పదు, డబ్బు పెట్టి కొన్న పుస్తకంలో కూడా దాన్ని భరించడమెందుకని ఆయన వాదం.

అటువంటి మనిషి చేతికి సైన్స్ ఫిక్షన్ నవల వచ్చింది. ఇచ్చినది కోడలు నవ్య, వచ్చిన చోటు ఆసుపత్రి. ఆయన భార్య మునిలక్ష్మికి పిత్తకోశంలో రాళ్ళు. ఆపరేషన్ ఆ రోజే. పొద్దున్నే ఆమెకు ఆకుపచ్చ గౌను తొడిగి ఒక తలుపు వెనక్కి తీసుకుపోయారు. రాళ్ళ గురించి శ్రీనివాసప్పకు బెంగ లేదు, బెంగంతా మత్తు గురించే. పడుకోబెట్టడం ఎవరైనా చేస్తారు, లేపే పూచీ ఎవరిదని ముందురోజు డాక్టరును అడిగాడు. డాక్టరు నవ్వాడు. నవ్వు పూచీ కిందికి రాదని చిక్కపేటలో చంటిబిడ్డకు కూడా తెలుసు.

"మామయ్యా, ఊరికే కూర్చుంటే టెన్షన్ పెరుగుతుంది. ఇది చదవండి, నా ఫేవరెట్" అని పుస్తకమిచ్చి, నవ్య కింద కార్లో ల్యాప్‌టాప్ తెరిచి ఆఫీసు మీటింగులో కూర్చుంది.

శ్రీనివాసప్ప కళ్ళజోడు తుడుచుకుని చివరి పేజీ తెరిచాడు. "రెండో సూర్యుడు కుంకాడు. వంకాయలు ఇంకా లేతగానే ఉన్నాయి" అని ఉంది. ఎవరు చచ్చారో, ఎవరు బతికారో, ఎవరు ఎవరిని చేసుకున్నారో ఆ వాక్యాలలో లేదు. లేచి నీళ్ళు తాగి వచ్చి మళ్ళీ చదివాడు. వంకాయలు అలాగే ఉన్నాయి. గత్యంతరం లేక, అక్షరాలు నేర్చిన తర్వాత మొదటిసారిగా, ఆయన ఒక పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి ప్రారంభించాడు.

కథ ఇది. ఒక నౌక వేరే నక్షత్రానికి పోతూ ఉంటుంది. దారి దూరం కాబట్టి ప్రయాణికులందరినీ చల్లటి సొరుగుల్లో నిద్రపుచ్చారు. కాపలాకు ఒక ముసలామె మేలుకుని ఉంటుంది, తొట్లలో వంకాయ మొక్కలు పెంచుకుంటూ. సొరుగులు కూడా పెట్టి ఆకాశంలో అంగడి తెరిచినారే అని శ్రీనివాసప్ప ముసిముసిగా నవ్వుకున్నాడు. తలుపు వైపు చూశాడు. మళ్ళీ చదివాడు. ముసలామె ఒక్కో సొరుగే లాగి, ఒళ్ళు ఒత్తుకుపోకుండా లోపలివాళ్ళను అటూ ఇటూ తిప్పి పడుకోబెడుతోంది.

"మడత మారుస్తా ఉండాదే!" అని ఆయన పైకే అనేశాడు. పక్క కుర్చీలోని మనిషి ఉలిక్కిపడి తన స్కాన్ కవరు గట్టిగా పట్టుకున్నాడు.

పట్టుచీరను ఒకే మడతలో చాలాకాలం ఉంచితే ఆ గీత వెంబడి జరీ విరుగుతుంది. అందుకే శ్రీనివాసప్ప అంగట్లో కొన్ని నెలలకొకసారి చీరలన్నీ దించి, విప్పి, వేరే మడత వేసి పెడతారు. తండ్రి చేశాడు, తనూ చేస్తున్నాడు. ఈ పని ఏనాటికైనా పుస్తకానికెక్కుతుందని, అదీ నక్షత్రాల నడుమ ఎక్కుతుందని ఆయన ఊహించలేదు. ఆ పేజీ నుంచి ఆయన పాఠకుడు కాడు, ముసలామెకు చుట్టం. కాఫీ వేళ కాదని నౌకలోని యంత్రం ఆమెకు కాఫీ ఇవ్వనప్పుడు దాన్ని తిట్టాడు. వంకాయ పువ్వు విచ్చినప్పుడు ఆయనకు ఎందుకో పట్టరాని సంతోషం కలిగింది. ఇంత మంచి అబద్ధాలను ఇన్నేళ్ళూ ఎవరు దాచారని కాస్త కోపం కూడా వచ్చింది.

అప్పుడు పదిహేడో సొరుగు మీద ఎర్ర దీపం వెలిగింది. అందులో ఉన్నది ఒక ఆడమనిషి. లేపితే లేవడం లేదు.

శ్రీనివాసప్ప పుస్తకం మూసి, వేలు మాత్రం పేజీల మధ్య ఉంచుకుని, కౌంటరు దగ్గరికి నడిచాడు. అక్కడ హిందూపురం నుంచి వచ్చిన నర్సు ఫర్హానా ఉంది.

"ఏమ్మా, మా ఆమె ఎట్లుండాది?"

"బాగుండారప్పా. సుమ్నే, గమ్మున కూర్చోండి, పిలుస్తాము."

"నేనూ సుమ్నేనే, ఊరికే అడుగుతా ఉండాను. బాగుండాదంటే ఏ మాత్రం?"

"మీకంటే బాగుండారు. పోయి కూర్చోండప్పా!"

కూర్చున్నాడు, లేచాడు. కిటికీ దాకా పోయి ఎవరి స్కూటర్లనో చూసి వచ్చాడు. పుస్తకం తెరిచి అదే వాక్యం చదివి మూశాడు. ఇంతలో నవ్య మీటింగు ముగించుకుని కాఫీతో పైకి వచ్చింది.

"ఎక్కడిదాకా వచ్చారు మామయ్యా?"

"పదిహేడో సొరుగు కాడికి."

"అబ్బా! అక్కడ నేనైతే గోళ్ళు కొరికేసుకున్నా."

"లేస్తుందా లేదా, ఒక్క మాట చెప్పమ్మా."

"నో స్పాయిలర్స్. మీరే చదవాలి."

"చదివేదానికి గుండె ఉండల్లా!"

నవ్య ఆయన ముఖం వైపు చూసి గొంతు తగ్గించింది. "అత్తయ్యకేం కాదు మామయ్యా."

"నేను అత్తయ్య సంగతి అడిగితినా?" అని ఆయన కసిరాడు. కాఫీ కప్పు అందుకోబోయి కొంచెం చొక్కా మీద ఒలకబోసుకున్నాడు.

ఆమె కర్చీఫు వెతికేలోగా ఆయన మళ్ళీ కౌంటరు దగ్గర ఉన్నాడు. ఈసారి ప్రశ్నించలేదు, ప్రకటించాడు. "మా ఆమెను కంటితో చూస్తే గానీ నేను ఇంక పేజీ తిప్పను." ఆసుపత్రి నిబంధనల్లో దీనికి జవాబు లేదు. ఫర్హానా ఆయన చెప్పులు విడిపించి, తలుపు తోసింది.

లోపల, కిటికీ పక్క మంచం మీద, మునిలక్ష్మి బాసింపట్టు వేసుకుని కూర్చుని, పక్క మంచం ఆమెకు పులిహోర గొజ్జు ఎలా చేయాలో చెబుతోంది. మొగుణ్ణి చూసి ఆపింది.

"ఏమప్పా, నాష్టా అయిందా మీది? చొక్కా మీద అదేమి?"

శ్రీనివాసప్ప మంచం దగ్గరికి వచ్చాడు. "ఎప్పుడు లేస్తివే?"

"పడుకుంటే కదా లేచేది! రాత్రి నుంచి పస్తు పెట్టి కూర్చోబెట్టినారు. ఆకలి చంపుతా ఉండాది."

ఆయన ఫర్హానా వైపు తిరిగాడు.

"ఆపరేషన్ లేట్ అవుతుందని బయటికొచ్చి అందరికీ చెప్తిని కదప్పా. మీరు పుస్తకంలో ఉంటిరి," అంది ఫర్హానా.

డాక్టరు కారు ట్రాఫిక్కులో ఇరుక్కుని ఇంకా హెబ్బాళ ఫ్లైఓవరు దిగలేదు.