పచ్చ బోర్డు ముందు ప్రార్థన

మదనపల్లెలో మా ఆఫీసు గోడకి ఒక పెద్ద టీవీ ఉంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలోని మా మిషన్ ఆస్పత్రుల్లో రోగుల వివరాలన్నీ క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న సర్వర్లలో ఉంటాయి. ఆ సాఫ్ట్‌వేర్ ఎంత వేగంగా నడుస్తోందో టీవీ చూపిస్తుంది. చురుగ్గా ఉంటే పచ్చ, చతికిలబడితే ఎరుపు. దాన్ని కనిపెట్టుకుని ఉండటం నా ఉద్యోగం. దాన్ని చూసి మురిసిపోవడం మా మేనేజరు ఉద్యోగం.

మిషన్ వాళ్లం కాబట్టి పొద్దున ప్రార్థనతోనే పని మొదలు. మూడు ఊళ్లలోనూ అదే వేళకి డాక్టర్లు, నర్సులు, కౌంటరు వాళ్లు అంతా తల వంచుతారు. ఆమెన్ అనగానే మా మేనేజరు సారు టీవీ వైపు చెయ్యి చాపేవాడు. "సూడండప్పా, అంతా పచ్చగా ఉండాది. దేవునికి స్తోత్రం." దాన్నే ఫొటో తీసి పైవాళ్లకు పంపేవాడు. మూడు ఊళ్లలో ఒక్కరూ కంప్యూటరు ముట్టని వేళ అది. పొయ్యి వెలిగించకుండానే అన్నం మాడలేదని చంకలు గుద్దుకునే వంటమనిషిని మీరు చూసి ఉండరు. నేను రోజూ చూశాను.

ఓపీలో రోగులు నిండేసరికి బోర్డు ఎర్రబారేది. ప్రోగ్రాము ఏ పని దగ్గర ఎంతసేపు ఆగుతోందో పట్టించే ప్రొఫైలర్ పెట్టి చూశాను. ఒక రోగి పేజీ తెరిస్తే చాలు, పాత ఎక్స్‌రేలన్నీ ఒక్కొక్కటే మోసుకొచ్చి, ఆ తర్వాత గానీ ఆ రోగికి పడని మందు పేరు చూపించదు. ఉప్పు అడిగితే అంగడంతా నెత్తికెత్తుకుని వచ్చే రకం. రెండు పూటల్లో సరిచేస్తాను, ఒప్పుకోండి సార్ అన్నాను.

"యాలప్పా లేనిపోని తలనొప్పి? పొద్దున నువ్వూ సూసినావు గదా" అన్నాడు.

ఆ నెలలోనే, కుప్పంలో అక్క దగ్గరికి పోయిన అమ్మకి కాలి పుండు చీము పట్టి జ్వరం వచ్చింది. పగలు పదకొండు గంటలకు అక్కడి మా ఆస్పత్రి నుంచే అక్క ఫోను చేసింది.

"అమ్మకి ఏ సూది పడదో నీకేమన్నా గుర్తుండాదా? డాక్టరమ్మ పేజీ తెరిసింది, సున్నా తిరగతానే ఉండాది."

ఎప్పుడో మదనపల్లెలో సూది వేస్తే ఒళ్లంతా వాచిందని గుర్తుంది. దాని పేరు నాకు తెలీదు. పేరు మా సర్వర్లో ఉంది. నా ఎదుట బోర్డు ఎర్రగా ఉంది. డాక్టరమ్మ ఆగినంతసేపు ఆగి, జ్వరం ముదురుతోందని ఒక సూది వేసింది. అదే పడనిది. అమ్మ మొహం వాచి, ఊపిరి అందక ఆక్సిజన్ పెట్టారు.

నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. సారు వచ్చి భుజం తట్టాడు. "రేపు మీ అమ్మ కోసం ప్రార్థన పెడదామప్పా."

"పదకొండు గంటలకు పెట్టండి సార్. ఆ యాళకే గదా అమ్మకి అట్లయింది" అన్నాను. ప్రార్థన అడిగితే కాదనడం మావాళ్లలో లేదు.

మరుసటి రోజు అందరం టీవీ ముందు నిలబడ్డాం. అమ్మ ఇంకా ఆక్సిజన్ మీదే ఉంది. మూడు ఊళ్లలో ఓపీ కిటకిటలాడుతోంది. మదనపల్లె ఎరుపు, పుంగనూరు ఎరుపు, కుప్పం మరీ ఎరుపు. సారు బోర్డు చూసి మా వైపు తిరిగాడు.

"ప్రార్థనలో మనసు సెదురుతాది. ఆ టీవీ ఆపండప్పా."

అందరికంటే ముందు కళ్లు మూసుకున్నది ఆయనే.