బండ మీద సగంలో ఆగిన గీత

తప్పు డ్రోన్‌దే అని మా మేనేజర్ ఇప్పటికీ అంటాడు, వింటే నాకు ఒళ్ళు మండుతుంది. డ్రోన్ తనకు కనిపించిందే చూపించింది. తప్పుగా చదివింది నేను.

2023 ఎండాకాలం, ఖాజాగూడ గుట్టలు. ఓ అపార్ట్‌మెంట్ ప్రాజెక్టుకు రోడ్డు వేయాలి. డ్రోన్‌తో ఫొటోలు తీసి మ్యాపు చేయడం, ‘లూజ్ బౌల్డర్లు’, అంటే దొర్లిపడే ప్రమాదమున్న బండలు, ఎర్రగా గుర్తు పెట్టడం నా పని. ఎర్ర గుర్తు పడితే ఆ బండను మెషీన్లతో పగలగొట్టేసినట్టే. ఒక పెద్ద బండ నడినెత్తిన నల్లటి గీత కనిపించింది. పగులు అనుకున్నాను. రెండు వందల యాభై కోట్ల ఏళ్ళ గ్రానైటు, రెండు నిమిషాల్లో ఎర్రగా మార్చేశాను.

సోమవారం కొట్టేస్తారనగా శనివారం చివరిసారి చూసిరావడానికి మళ్ళీ వెళ్ళాను. ఆ బండ నీడలో మేకలతో ఒకామె కూర్చుని ఉంది, పేరు లచ్చమ్మ అని తర్వాత తెలిసింది. అరవై దాటి ఉంటాయి.

"జరగండమ్మా, ఇది పడిపోతుంది" అన్నాను, ఫోన్ మీంచి తలెత్తకుండానే.

"ఎవలు చెప్పిండ్రు?"

"మ్యాపు. ఇదిగో పగులు."

ఫోన్‌లోకి చూసి నవ్వింది. "గది పగులా? మా నాయిన ఉలి దెబ్బలు బిడ్డా. నీ తూనీగ గంత పైకెళ్ళి చూస్తె ఏం తెలుస్తది? కడుపుల ఏమున్నదో నెత్తి చూసి చెప్తవా?"

కోపంతోనే బండ మీదికెక్కాను. అది గీత కాదు, మట్టి నిండిన గుంతల వరస. రాళ్ళు కొట్టేవాళ్ళు అలా గుంతలు తొలిచి, ఇనుప మేకులు దిగ్గొట్టి బండను చీలుస్తారు. ఈ వరస సగంలో ఆగిపోయింది.

"ఎందుకు ఆపాడు?"

"సద్ది తెచ్చిన మా అమ్మకు ఈడనే నొప్పులొచ్చినయి. గీ నీడల్నే నన్ను కన్నది. నీడిచ్చిన బండను ఎట్ల చీలుస్తనని మా నాయిన మల్ల ఉలి పెట్టలె." కిందనుంచి రాయి అందించింది. "కొట్టి చూడు. పగిలినదైతే బొదబొదమంటది."

కొట్టాను. ఖంగుమంది.

అక్కడినుంచే మేనేజర్‌కు ఫోన్ చేశాను. "మెషీన్లు వస్తుంటే ఇప్పుడు గుర్తొచ్చిందా నీకు?" అని అరిచాడు. నేనూ అరిచాను. మర్నాడు ఇంజనీరు వచ్చి పరీక్షించి, బండ గట్టిదే అన్నాడు. ఎర్ర గుర్తు తీసేశాను. రోడ్డు కాస్త వంకర తిరిగింది.

"తొందర పిల్లవు గానీ మంచిదానివే" అంది లచ్చమ్మ. నాకు సంతోషం కలగలేదు. అంతకు ముందు ఎన్ని బండలకు కుర్చీలో కూర్చునే ఎర్ర గుర్తు పెట్టానో నాకు తెలుసు. ఇప్పుడు ప్రతి బండ కిందికీ వంగి చూస్తాను, పక్కన మేకలు కాసేవాళ్ళనూ అడుగుతాను. టైం వేస్టంటారు ఆఫీసులో. కింద ఏముందో చూడకుండా గుట్టను కొలిచేశామంటే, మీరైతే ఒప్పుకుంటారా?