ఫ్లాష్ కొనని దలందా

మా స్ఫాక్స్ ఊళ్లో ఏ పెళ్లి ఆల్బమ్ తిరగేసినా ఒక పేజీలో తెల్లటి మబ్బు కనిపించేది. అది జల్వా అనే పెళ్లి వేడుక పేజీ. పెళ్లికూతురు జరీ బట్టల బరువు మోస్తూ, గోరింటాకు చేతులు పైకెత్తి, కళ్లు మూసుకుని మెల్లగా గుండ్రంగా తిరుగుతుంది. ఆఖరున కళ్లు తెరుస్తుంది. చుట్టూ అందరూ ఆడవాళ్లే. దిష్టి తగలకుండా సాంబ్రాణి వేస్తారు. చూసే కళ్లు ఎన్ని ఉంటే పొగ అంత. ఆ పొగ మీద ఫ్లాష్ పడితే మిగిలేది మబ్బే. దానికి మా ఫోటోగ్రాఫర్లు కనిపెట్టిన మందు ఇంకా పెద్ద ఫ్లాష్. మబ్బు ఇంకా తెల్లబడింది.

దలందా ఏళ్ల తరబడి అన్న స్టూడియోలో ఆ మబ్బులను ఆల్బమ్‌లలో అంటించింది. మగవాళ్లు వెళ్లకూడని గదిలోకి అన్న కెమెరా పట్టుకుని ఆమే వెళ్లేది. ఫోటో చెడితే తిట్లూ ఆమెకే. ఒకసారి ఫ్లాష్ ఆపేసి చూద్దామంటే అన్న ఒప్పుకోలేదు.

"ఈ లెన్స్‌కి చీకట్లో ఏం కనబడుద్దే? నా కెమెరాతో ప్రయోగాలొద్దు. అంత తెలిస్తే సొంతంగా పెట్టుకో" అన్నాడు.

"పెట్టుకుంటా" అంది దలందా. నలభై దాటాక తేలిగ్గా అనగలిగిన మాట కాదది. మొదటి పెళ్లి యుస్రా అనే అమ్మాయిది దొరికింది. ఆ జల్వా చెడితే మళ్లీ అన్న గుమ్మమే ఎక్కాలి. జల్వాకి రెండోసారి తిరిగితే అపశకునం, కాబట్టి ఇంకోసారి తీస్తానన్నా ఎవరూ ఒప్పుకోరు.

కెమెరా కొనడానికి ఆమె చేతిలో చిన్న మట్టి కుంపటితో మొంజీ కెమెరాల దుకాణానికి వెళ్లింది.

"ఇదేంటి లల్లా దలందా, నా దుకాణానికి దిష్టి తీస్తారా?"

"మీ సరుక్కి తీస్తా. మొంజీ గారూ, ఆ షట్టర్ సగం దించి, ఇటొచ్చి నిలబడండి. చేతులు పైకెత్తండి. కళ్లు మూసుకోండి."

"నన్ను పెళ్లికూతుర్ని చేస్తున్నారా?"

"మీసం ఒక్కటే అడ్డం. తిరగండి."

ఆమె కుంపట్లో సాంబ్రాణి వేసింది. మొంజీ దగ్గుతూ తిరిగాడు. ముందు అతను గొప్పగా చూపించిన జంట ఫ్లాష్‌లతో తీసింది. మబ్బు. ఫ్లాష్ ఆపి, పొడుగాటి జూమ్ లెన్స్‌తో తీసింది. చీకట్లో ఏదో కదిలినట్టు ఉంది, అంతే. వెనక అరలోంచి జూమ్ లేని పొట్టి లెన్స్ ఒకటి తీయించింది. ముందు అద్దం గిన్నెంత వెడల్పు. తక్కువ వెలుతురులో కూడా బొమ్మ గరుకెక్కని కెమెరాకి దాన్ని తగిలించి మళ్లీ తీసింది. పొగలోంచి మొంజీ ముఖం వచ్చింది, మీసంలో నెరిసిన వెంట్రుకలతో సహా.

"దీనికి జూమ్ లేదమ్మా. మనిషిని దగ్గరగా తీయాలంటే?"

"కాళ్లున్నాయిగా."

"ఒక్క ఫ్లాష్ అయినా తీసుకోండి. అది లేకుండా వెళ్తే భోజనానికొచ్చారనుకుంటారు."

దలందా నవ్వి, కెమెరా, లెన్స్ మాత్రమే తీసుకుంది.

మొంజీ అన్నంతా అయింది. పెళ్లింట ఆడవాళ్లు నవ్వు ముఖాలు పెట్టి మెరుపు కోసం ఎదురుచూశారు. మెరుపు రాలేదు.

"పళ్లు నొప్పెడుతున్నాయి, ఎప్పుడు తీస్తావే?"

"తీసేశా అక్కా."

"మెరవందే ఎలా తీశావ్? దీని కెమెరా చచ్చిందే!"

యుస్రా తిరగడం మొదలుపెట్టింది. వరుడి తల్లి సాల్హా గుమ్మంలోకి వెళ్లి, బయట ఉన్న తమ ఫోటోగ్రాఫర్ దగ్గర ఫ్లాష్ అడిగి తెచ్చి దలందా చేతిలో పెట్టింది. "మొహమాటపడకు, తగిలించు. పిల్ల ఫోటో పోతుంది."

దలందా దాన్ని డప్పు వాయించే ఆవిడ ఒళ్లో పెట్టేసింది. "కాస్త చూస్తుండు అక్కా." ఈలోగా పెళ్లికూతురి అమ్మమ్మ మహ్బూబా, దిష్టి కెమెరాకే తగిలిందని తేల్చి, కుంపట్లో ఇంకో గుప్పెడు సాంబ్రాణి వేసింది. గది మూల కనిపించడం మానేసింది.

ఆ లెన్స్‌తో ఒక చిక్కు ఉంది. కంటి మీద గురి పెడితే చెవి మసకబారుతుంది. అంచేత దలందా పెళ్లికూతురితో పాటు తానూ అడుగులు వేస్తూ తిరిగింది. మోచేతులు తగిలినవాళ్లు తిట్టారు. యుస్రా చేతుల మధ్య కళ్లు తెరిచింది. అప్పుడు నొక్కింది.

"ఏదీ, చూపించు" అంది మహ్బూబా, చూసేదాకా వదిలేలా లేదు.

తెర మీద పొగ దీపాల వెలుగుకి తేనె రంగు తేలి ఉంది. దాని మధ్యలో ఎర్రటి రెండు అరచేతులు, వాటి నడుమ అప్పుడే తెరుచుకున్న కళ్లు. ముసలావిడ కుంపటి పక్కావిడ చేతిలో పెట్టి, నోటి దగ్గర చెయ్యి పెట్టుకుని జగ్రూత అనే పెళ్లి కూత అందుకుంది. గదంతా అదే కూత.

సాల్హా కూడా వంగి చూసింది. "మా ఫోటోగ్రాఫర్‌ని ఇక రావద్దంటాను. చేప దాటించేటప్పుడు నువ్వే రావాలి" అంది.

పెళ్లయ్యాక, దిష్టి పోవాలని చేసే మా ఆచారం ప్రకారం కొత్త జంట పెద్ద చేప మీంచి ఏడుసార్లు గెంతిన ఆ పొద్దుట, ఎండ బాగా కాసింది. దలందా అదే లెన్స్‌తో వాకిట్లో మోకాళ్ల మీద కూర్చుంది. ఏడో గెంతులో వరుడు తోక తొక్కాడు. చేప ఒకవైపు, అతను ఒకవైపు జారారు. యుస్రా మాత్రం నవ్వుతూ గాల్లోనే ఉంది.

"మావాడు పడ్డం కూడా వచ్చిందా?" అడిగింది సాల్హా.

"వచ్చింది. కావాలంటే తీసేస్తా."

"తీసేస్తావా? అదే అన్నిటికన్నా పెద్దది చేయించు. కోడలి చేతిలో ఒక ఆయుధం ఉండాలి."

వాకిలి ఇంకా కడగలేదు. పెళ్లీడు కూతుళ్లున్న తల్లులు అప్పటికే దలందా చుట్టూ చేరి తమ ఇంటి పెళ్లిళ్ల తేదీలు చెబుతున్నారు. అందులో ఇద్దరు ఆమె అన్న స్టూడియోకి మాటిచ్చినవాళ్లు. అక్కడ వద్దని చెప్పేస్తాం అన్నారు.

"ఒక్కటే షరతు" అంది ఒకావిడ. "మా ఇంటికి ఆ మెరుపు డబ్బా మాత్రం తేవద్దమ్మా."