ఎన్నేండ్లు తప్పినావప్పా?

మా చరిత్ర అయ్యవారు యుద్ధం జరిగిన సంవత్సరం అడిగేవాడు. తప్పు చెబితే "ఎన్నేండ్లు తప్పినావప్పా?" అని మాతోనే లెక్క చెప్పించి, అన్ని బెత్తం దెబ్బలు కొట్టేవాడు. దేవనహళ్ళి కోట ముట్టడికి నేను పన్నెండేండ్లు తప్పినాను. అరచెయ్యి చిట్లింది. ఆయన్ని చంపాలనుకున్నాను.

తెల్లవాళ్ళు దేశం వదలాలని మేము బడి మాని కాటన్‌పేట వీధిలో ఊరేగిన రోజు పోలీసులు లాఠీలతో మీదపడినారు. నేను కిందపడితే అయ్యవారు బడిలోంచి పరుగెత్తుకొచ్చి నా మీద బోర్లా పడినాడు. వీపు మీద పడిన ఒక్కో దెబ్బనూ గట్టిగా లెక్కపెట్టినాడు. పందొమ్మిదో దెబ్బకు ఆయన తల పగిలింది. నెత్తురు నా మొహం మీద కారుతుంటే పోలీసు వైపు తిరిగి అడిగినాడు.

"ఎన్నేండ్లు తప్పినానప్పా?"

ఇరవయ్యో దెబ్బకు ఆయన నోరు లేవలేదు. నేనే లెక్కపెట్టినాను.