మిష్రిఫ్‌లో నల్ల చొక్కా

మొన్న అయ్యప్ప మాలకు బట్టలు కొందామని ఇక్కడ కువైట్‌లో షువైఖ్ బజారుకు వెళితే, దుకాణంలో ఒక నల్ల చొక్కా హ్యాంగర్ మీంచి నన్నే చూసింది. నేను ఎరగనట్టు నీలం చొక్కా కొనుక్కుని బయటపడ్డాను. మాలలో నలుపు మానేసి చాలా ఏళ్ళయింది. దానికి కారణం ఇటలీ.

నవ్వకండి. అప్పట్లో నేను మిష్రిఫ్‌లో ఒక విల్లాకు డ్రైవర్ని. యజమానురాలిని ఇక్కడ మామా అంటాం. మా మామా కువైటీని పెళ్ళాడి వచ్చిన ఇటలీ ఆవిడ, ఎనభై దాటింది. మూత్రపిండాలు చెడి, వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించడానికి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కారెక్కితే చాలు, సగం అరబ్బీ సగం ఇంగ్లీషులో వాళ్ళ దేశ రాజకీయం మొదలు. మొదటి సిగ్నల్ దగ్గర రోమ్‌లో రాజుల్ని తరిమేసేది; రెండో సిగ్నల్‌కల్లా చక్రవర్తులు దిగిపోయేవారు. రౌండెబౌట్ చుట్టూ ఊరికో జెండా, ఊరికో సైన్యం, పక్క ఊరివాడి గోడ కనిపిస్తే కూల్చకుండా నిద్రపోనంత పగ. "ఇదంతా మా రాయలసీమ ఫ్యాక్షనే మామా" అంటే కారు ఊగిపోయేలా నవ్వేది. ఎర్ర చొక్కాలవాళ్ళు ఆ ముక్కలన్నీ కలిపి దేశం చేసేసరికి ఆసుపత్రి గేటు. ఆ తర్వాతి కథ ఏనాడూ చెప్పలేదు. గేటు అడ్డొచ్చిందనుకునేవాణ్ణి.

ఆ ఏడు కార్తీకంలో మాల వేసుకుని, కొత్త నల్ల చొక్కాలో కారు తలుపు తీసి నిలబడ్డాను. మామా గుమ్మంలో కొయ్యబారిపోయింది. మాలో ఎవరికీ రాని భాషలో, ఐదేళ్ళ పిల్ల గొంతుతో ఏడుపు. కూతురు పరిగెత్తుకొచ్చి చెప్పింది: వాళ్ళ తాత, అంటే మామా నాన్న, ఇటలీలో బడిపంతులు. నియంతకు పిల్లలచేత సలాం కొట్టించనన్నాడని, ఆ నియంత మనుషులు, నల్ల చొక్కాలవాళ్ళు, భోజనం ముందునుంచి లేపి తీసుకెళ్ళారు. సూపు చల్లారేలోగా పంపిస్తామన్నారట. ఆయన మళ్ళీ రానేలేదు.

అప్పటికే ఒక శుద్ధి తప్పింది. ఇదీ తప్పితే ప్రాణం దక్కదన్నారు డాక్టర్లు. ఆవిడేమో కారెక్కదు.

"నీ దేవుడు నీలం గుడ్డ వద్దన్నాడా ఏంది సామీ? బిరీన ఇప్పెయ్, ముసలామె సచ్చిపోతాది!" అని రాయచోటి వంటక్క అరిచింది. చొక్కా మార్చుకొచ్చాను. మామా నా భుజం మీదుగా వీధివైపు చూసి, ఈసారి అరబ్బీలో అడిగింది.

"వాళ్ళు వెళ్ళిపోయారా?"

"వెళ్ళిపోయారు మామా. ఖలాస్."

"నాన్నను వదిలారా?"

చీమను చూసి ఏనుగని చెప్పగల నోరు నాది. కానీ మాలలో అబద్ధమాడకూడదు. మెడలో పూసలు బండరాళ్ళయ్యాయి.

"వదిలారు. భోజనానికి వచ్చేస్తున్నారు."

కారెక్కింది. ఆ రోజు కథ చెప్పలేదు. దారి పొడవునా వెనక అద్దంలోంచి బయటికే చూసింది. ఆ తర్వాత రెండేళ్ళు బతికింది. ఆ రెండేళ్ళూ మధ్యాహ్నం బల్ల మీద ఒక పళ్ళెం ఎక్కువ పెట్టించింది.

రెండువేల ఏళ్ళను నాలుగు సిగ్నళ్ళలో దాటించిన మనిషి, ఆ ఒక్క మధ్యాహ్నాన్ని దాటలేకపోయింది. ఇప్పుడు మామా లేదు. మాట ఇచ్చినవాణ్ణి కదా, మధ్యాహ్నం భోజనానికి కూర్చోబోతూ నేనూ ఒకసారి వీధివైపు చూస్తుంటాను.