చౌడయ్య బిగించని బెల్టు

చీరాలలో చాలాకాలం మరమగ్గాలు నడిపిన చౌడయ్య, పని తగ్గిపోయాక బాపట్లకు వచ్చి, ఒక పాత కారు కొని బాడుగకు తిప్పుతున్నాడు. మగ్గం బెల్టు సంగతి అతనికి బాగా తెలుసు. అక్కడ మోటారు కీలు మీద వేలాడుతూ ఉంటుంది. దాని బరువే బెల్టును లాగి బిగువుగా ఉంచుతుంది. బెల్టు కాస్త పొడవైనా పని జరిగిపోతుంది.

కారు బెల్టు పగుళ్లిచ్చినప్పుడు అతడు ఆ అలవాటుతోనే దుకాణానికి వెళ్లాడు. పాతదాన్ని కొత్తవాటి పక్కన పెట్టి, సమానంగా కనిపించినదాన్ని ఎంచుకున్నాడు. ఏళ్ల తరబడి తిరిగిన పాత బెల్టు సాగి ఉంటుందని తోచలేదు. తానే ఎక్కించి, లాగి బిగించకుండానే బోనెట్ మూసేశాడు.

మరునాడు రేపల్లెలో కాపురముంటున్న కూతురు సాయి సుధకు పురిటినొప్పులు మొదలయ్యాయి. భార్య రత్నకుమారితో కలిసి వెళ్లి, కూతురిని ఎక్కించుకుని తెనాలి ఆసుపత్రికి బయలుదేరాడు. వేమూరు దాటగానే బోనెట్ కింద కీచుమని అరుపు లేచింది. బ్యాటరీ దీపం ఎర్రగా వెలిగింది. ఇంజను వేడిని చూపే ముల్లు పైకి పాకసాగింది.

“ఏంటండీ ఆ చప్పుడు?” అంది రత్నకుమారి.

“ఏం లేదులే.” అతడు ముల్లునే చూస్తూ వేగం తగ్గించాడు.

“నాన్నా, ఆపొద్దు!” అని మూలిగింది సాయి సుధ.

ఆపక తప్పలేదు. మధ్యలో బొటనవేలితో నొక్కితే అరంగుళం కుంగవలసిన బెల్టు, పిడికిలి పట్టేంత కుంగింది. బెల్టు బిగియాలని, దాని మీదే తిరుగుతూ బ్యాటరీకి కరెంటు అందించే ఆల్టర్నేటరును జాకీ కడ్డీతో వెనక్కు నెట్టాడు. బోల్టు జరిగే గాడి చివరికి వచ్చేసింది. బెల్టు మాత్రం ఇంకా వదులే. ఇంజనును చల్లబరిచే నీటిపంపును తిప్పేదీ ఆ బెల్టే. ఇలాగే నడిపితే ఇంజను పట్టేస్తుంది. చుట్టూ పొలాలు.

“ఇదేమన్నా మగ్గమా, దానంతటదే బిగుసుకోవడానికి? పిల్ల ప్రాణం మీదికి తెచ్చారు కదండీ!” అంటూ రత్నకుమారి ఏడ్చేసింది.

వెనుక నుంచి వచ్చిన ఆటో ఆగింది. “ఏంటి బాబాయ్, కారుకన్నా నా డొక్కు ఆటోనే నయమా?” అని నవ్వబోయిన డ్రైవరు, లోపలి మూలుగు విని, “ఎక్కించండి పిన్నీ, త్వరగా!” అన్నాడు.

చౌడయ్య బోనెట్ కూడా మూయకుండా డ్రైవరు పక్కన ఇరుక్కున్నాడు. దారి పొడవునా వెనక్కు తిరిగి చూడడానికి అతనికి ధైర్యం చాలలేదు. ఆసుపత్రిలో నర్సు తలుపు తీసినప్పుడు ముఖం తిప్పుకున్నాడు.

“ఆడపిల్లండి. ఇద్దరూ బాగున్నారు.”

అప్పుడు కూలబడ్డాడు.

తరువాత ఇంజను నమూనాకు చెప్పిన కొలతనే అడిగి, ఆ అంకె ముద్రించిన బెల్టు వేయించాడు. భయంతో మరీ బిగించబోతే, పంపు బేరింగు పోతుందని మెకానిక్ ఆపవలసి వచ్చింది.

పసిదానికి టీకా వేయించే రోజున సాయి సుధ కారు దగ్గరే నిలబడింది.

“నొక్కి చూశావా నాన్నా?”

“చూశానమ్మా.”

“మళ్లీ చూడు.”

చౌడయ్య బోనెట్ ఎత్తాడు.